రెండు రంజన్లు, ఏడుగురు విద్యార్థులు

ఎండాకాలం సెలవుల్లో ఏం చేశావని అడిగి, ఆ జవాబును బట్టి సీటిచ్చే కాలేజీలు ఉంటాయని మా తరానికి తెలియదు. మమ్మల్ని మార్కులు అడిగేవారు, కులం సర్టిఫికెట్ అడిగేవారు, ఫీజు కట్టావా అని అడిగేవారు. ఎండాకాలం మాత్రం మా సొంతం. అందులో ఏం చేసినా, ఏమీ చేయకపోయినా అడిగేవాళ్ళు ఉండేవారు కాదు. ఇప్పుడు మీకు ఆ నెలన్నర కూడా పరీక్షే అయింది. ఇది చదివే పిల్లల్లో కొందరు, ఈ సెలవుల్లో ఏం చేస్తే పెద్ద కాలేజీవాళ్ళకు నచ్చుతుందా అని ఆలోచిస్తూ ఉండవచ్చు. మీ కోసమే నా ఉద్యోగం చివరి రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. సంతోషపెట్టే సంగతి కాదు. ముందే చెబుతున్నాను.

నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీలో అటెండెంట్‌గా పనిచేసేవాణ్ణి. పుస్తకాలు తీసివ్వడం, తిరిగొచ్చినవి సర్దడం, చిరిగినవాటికి జిగురు పెట్టడం, ఎండాకాలంలో కూలర్‌లో నీళ్ళు పోయడం నా పని. మాది దగ్గర్లోని రాజురా. మరాఠీ మీడియంలో పదో తరగతి దాకా బడిలో చదివాను. మిగిలిందంతా బీరువాల మధ్యే చదివాను. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకునే భాషే గాని బడిలో ఎవరూ నేర్పలేదు. కాలేజీవాళ్ళు పారేద్దామని కట్ట కట్టిన పాత పుస్తకాల్లో ఒక తెలుగు వాచకం దొరికితే, పెళ్ళై పిల్లలు పుట్టాక కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. ఇంగ్లీషు కూడా అంతే. పక్కన నిఘంటువు పెట్టుకుని పేపరు చదివి నేర్చుకున్నాను. మాట్లాడమంటే నాలుక తిరగదు గాని, ఎదుటివాళ్ళు మాట్లాడితే అర్థమవుతుంది. ఇవన్నీ గొప్ప కోసమే చెబుతున్నాను. నా దగ్గర గొప్ప చెప్పుకోవడానికి వేరే ఏమీ లేదు.

ఇది మా కాలేజీలో చదివిన ఒక అమ్మాయి సంగతి. ఆమె రోజూ ఘుగ్గుస్ నుంచి బస్సులో వచ్చేది. తాత బొగ్గుగనిలో పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడు. తండ్రికి గనిలో పర్మనెంటు కొలువు దొరకలేదు, కాంట్రాక్టరు దగ్గర బొగ్గు లారీ నడిపేవాడు. ఆమె పదకొండో తరగతి చదువుతుండగా మా లైబ్రరీలో పడి ఉన్న పేపర్లో ఒక ప్రకటన చూసింది. ఢిల్లీ దగ్గర కొత్తగా పెట్టిన ఒక యూనివర్సిటీ, చిన్న ఊళ్ళ పిల్లలను కొందరిని ఎంచుకుని చదువు ఖర్చంతా తామే భరిస్తుందట. ఆ రోజు నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. అక్కడ సీటొస్తే ఆమెకు ఒక దారి. రాకపోతే ఇక్కడే ఏదో డిగ్రీ చేసి, ఏ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరో లారీల నంబర్లు కంప్యూటర్లోకి ఎక్కించే కొలువు. ఆ కొలువు చిన్నదని నేననడం లేదు. ఆమె మనసు అక్కడ లేదు, అంతే.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"కాకా, ఈ ఎండాకాలం నేనేం చెయ్యాలె?"

"నీడల కూసో."

"మజాక్ కాదు కాకా. ఆ యూనివర్సిటోళ్ళు అడుగుతున్నరు. సెలవులల్ల ఏం చేసినవు, ఎందుకు చేసినవు, ఏం నేర్చుకున్నవు అని."

"పోయినేడు ఏం చేసినవు?"

"ఏం చేస్త? పొద్దుగాల లేచి నల్లా కాడ నిలబడ్డ. తమ్ముణ్ణి చూసుకున్న. ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము పడితే మళ్ళ పిండిన. గవన్ని రాస్తరా?"

రాయవచ్చనే నాకు అనిపించింది. కానీ ఆ యూనివర్సిటీ సంగతి నాకేం తెలుసు? మా కెరీర్ గైడెన్స్ చూసే సర్‌ను అడుగుదామని తీసుకెళ్ళాను.

ఆ సర్ గురించి ముందు చెప్పాలి. చెప్పకపోతే తరవాత మీరు ఆయనను తిట్టుకుంటారు. ఫిజిక్స్ చెప్పేవాడు. రాజురా వైపు తెలుగు వ్యాపారుల ఇంటివాడు, దుకాణంలో కూర్చోమంటే కూర్చోక చదువుకుని పాఠాలు చెప్పడానికి వచ్చాడు. బస్సు చార్జీ లేని పిల్లలకు జేబులోంచి ఇచ్చి మరిచిపోయేవాడు. ఆయనకు ఒకటే పట్టుదల. ఒకరికి తెలిసింది అందరికీ తెలియాలి. ఏ పిల్లవాడైనా లెక్కను కొత్త దారిలో చేస్తే, వెంటనే వాణ్ణి లేపి బోర్డు మీద చేయించి అందరితో రాయించేవాడు. ఎక్కడినుంచో ఒక మంచి ప్రశ్నపత్రం దొరికితే సాయంత్రానికి క్లాసంతటికీ జిరాక్సులు వెళ్ళేవి. మా కాలేజీలో ఫిజిక్స్‌లో తప్పేవాళ్ళు లేకపోవడానికి కారణం ఆ అలవాటే.

ఆయన అమ్మాయి మాట విని ఉత్సాహపడ్డాడు.

"ఏక్‌దమ్ సింపుల్. ఒక ఎన్‌జీఓ పెట్టు."

"ఎన్‌జీఓ అంటే ఏం పెట్టాలె సర్?"

"ముందుగాల పేరు పెట్టాలె."

"పేరు పెట్టినంక?"

"లోగో పెట్టాలె. తర్వాత చూసుకుందాం తీ."

నాగపూర్‌లో నాయకత్వ శిబిరమనీ, ఇంట్లో కూర్చుని రోబో చేయడం నేర్పే కోర్సనీ ఇంకా కొన్ని చెప్పాడు. అన్నింటికీ ఫీజులున్నాయి. అమ్మాయి తలూపి బయటికొచ్చింది. మెట్ల మీద నిలబడి, "కాకా, నేను బస్సు మారే కాడ పోయినేడు పానపోయి ఉండె. ఈయేడు లేదు. గదే నేను పెడితే అయితదా?" అంది.

పానపోయి అంటే తెలుగు పుస్తకాల్లో చలివేంద్రం. మా చంద్రపూర్ ఎండలు తెలియనివాళ్ళకు ఎలా చెప్పాలి? మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటాక గాలి కూడా కాలుతుంది. రోడ్డు మీద నీళ్ళు పెట్టడం మా వైపు పెద్ద పుణ్యం. చనిపోయిన తల్లి పేరునో తండ్రి పేరునో ఎర్రగుడ్డ చుట్టిన రంజన్లు పెడతారు. రంజన్ అంటే పెద్ద మట్టికుండ.

మార్కెట్ దాటాక రాజురా వైపు బస్సులు ఆగే చోట ఒక ఇనుప సామాన్ల దుకాణం ఉంది. తెలుగువాళ్ళదే. సర్‌కు మేనమామ అవుతాడు ఆ సేటు. పరిచయం ఉందని నేను వెంట వెళ్ళాను. అమ్మాయే అడిగింది.

"సేట్‌జీ, మీ దుకాణం ముంగట రెండు రంజన్లు పెట్టుకుంట. జాగ ఇస్తరా?"

"పెట్టుకో బిడ్డా. ఎవరి పేరు మీద?"

"పేరేం లేదు."

"పేరు లేకుంట పానపోయి ఏంది? మీ ఇంట్ల ఎవరు పోయిన్రు?"

"ఎవరు పోలేదు సేట్‌జీ. అందరు మంచిగున్నరు."

"మరి దేనికి?"

"కాలేజీ కోసం."

సేటు నా వైపు చూశాడు. "ఏందయ్యా, మీ కాలేజీ సచ్చిపోయిందా?"

దుకాణంలో పనివాళ్ళంతా నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. చివరికి సేటు చనిపోయిన తన తల్లి పేరు రాయాలని షరతు పెట్టి, జాగా ఇచ్చాడు. బోరు నీళ్ళు పట్టుకోనిచ్చాడు. రంజన్లు కూడా తనే కొన్నాడు.

ఆ ఎండాకాలం ఆ పిల్ల పనిచేసిన తీరు నేను కళ్ళారా చూశాను. మాకు వేసవి సెలవులు లేవు, లైబ్రరీ తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని అటు వెళ్ళి, దుకాణం చూరు కింద కూర్చుని తినేవాణ్ణి. ఆమె పొద్దున మొదటి బస్సుకు వచ్చి రంజన్లు కడిగేది. సబ్బు పెట్టవద్దని నేనే చెప్పాను. మట్టి కుండ పైన ఉండే సన్నని రంధ్రాల్లోంచి నీళ్ళు ఊరి ఆరిపోతుంటే లోపల చల్లబడతాయి. బొగ్గు దుమ్ము పట్టి ఆ రంధ్రాలు మూసుకుపోతే కుండా బకెట్టూ ఒకటే. ఇది కుమ్మరి పని గురించి మా లైబ్రరీలో ఉన్న ఒక మరాఠీ పుస్తకంలో చదివాను. కొబ్బరిపీచుతో తోమి, గోనెపట్టా తడిపి చుట్టి, లోపల వట్టివేళ్ళు వేసేది. ఆ నీళ్ళకు మంచి వాసన వచ్చేది. లారీ క్లీనర్లు రెండో గ్లాసు అడిగి తాగేవారు.

ఒక రోజు నేను అక్కడ ఉండగానే ఒక ముసలామె గంప దించి చూరు కిందికి వచ్చింది. కూరగాయలు అమ్ముకుని పల్లెకు తిరిగిపోతోంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. అమ్మాయి గ్లాసు ముంచి ఇచ్చింది.

"తాగవ్వా."

"వద్దు బిడ్డా."

"సల్లగున్నయి. మంచి నీళ్ళే."

"ఎరుకే. వద్దు."

"గింత ఎండల నీళ్ళు తాగకపోతే ఎట్ల? పడిపోతవు."

ముసలామె నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "తాగుతె మల్ల యాడికి పోవాలె బిడ్డా? ఈడ జాగ ఉన్నదా? మొగోళ్ళంటే ఏ గోడ కాడనన్న నిలబడ్తరు. బస్సెప్పుడొస్తదో. ఇంటికి పోయినంక తాగుత."

అమ్మాయి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తరవాత నుంచి చూడటం మొదలుపెట్టింది. నాకూ చూపించింది. ఆ స్టాపులో మగవాళ్ళు ఎంతమంది దిగితే అంతమందీ తాగేవారు. ఆడవాళ్ళు పిల్లలకు తాపి, కొంగు తడుపుకుని ముఖం తుడుచుకుని, తాము మాత్రం ఒక్క గుక్కతో గొంతు తడుపుకునేవారు. నేను ఏళ్ళ తరబడి ఆ దారిన నడిచాను. ఎన్నో పుస్తకాలు చదివాను. నాకెప్పుడూ అది కనబడలేదు.

అమ్మాయి సేటు దగ్గరికి వెళ్ళింది. దుకాణం వెనక పెరట్లో పాయిఖానా ఉంది, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళను వెళ్ళనివ్వమని అడిగింది. సేటు ముఖం చిట్లించాడు.

"నీళ్ళిస్తె పుణ్యం బిడ్డా. ఇదేం పుణ్యం? దీని మీద మా అమ్మ పేరు రాస్తవా?"

అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తరవాత చూస్తే ఆడవాళ్ళు గ్లాసు నిండా తాగుతున్నారు. ఏమిటని అడిగితే అమ్మాయి నవ్వు ఆపుకుంటూ నన్ను పక్కకు పిలిచింది.

"సేట్‌జీ తిని పండుకుంటడు గద కాకా. అప్పుడు వాళ్ళ కోడలు, ఆ అక్క, వెనక తలుపు తాళంచెవి నాకిస్తంది. ఆయన లేచేటాల్లకు నేను ఇచ్చేస్త. ఎవరికి చెప్పకు. సర్‌కు అయితె అసలే చెప్పకు. తెలిస్తె ఆ అక్కకు ఇంట్ల బతుకుండది."

నేను చెప్పలేదు.

జూన్‌లో కాలేజీ తెరిచాక సర్ లైబ్రరీలో ఒక మీటింగ్ పెట్టాడు. ఆ యూనివర్సిటీకి మా కాలేజీ నుంచి అప్పటికి ఏడుగురు దరఖాస్తు చేయాలనుకుంటున్నారు. మిగతా ఆరుగురూ సెలవుల్లో ఏం చేశారంటే, పిల్లలు ఏం చేస్తారో అదే చేశారు. సర్ ఈ అమ్మాయిని లేపి చెప్పమన్నాడు. పానపోయి సంగతి చెప్పింది. ఆడవాళ్ళు నీళ్ళు ఎందుకు వద్దంటారో చెప్పింది. తాళంచెవి మాట ఎత్తలేదు. మా లైబ్రేరియన్ మేడం మరాఠీ ఆవిడ. ఎవరు గట్టిగా మాట్లాడినా బల్ల మీద స్కేలు కొట్టే మనిషి. ఆవిడ కూడా చేతిలో పని ఆపి విన్నది. సర్ లేచి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

"గిదే కావాలె! గిదే!" అన్నాడు సర్. "గింత మంచి ముచ్చట ఒక్కదాని కాడనే ఉంటె ఎట్ల? మన పిల్లలందరిదీ కావాలె."

ఆయన మనసులో రవ్వంత కల్మషం లేదు. ఆ ఆదివారమే ఏడుగురినీ పానపోయి దగ్గరికి తీసుకెళ్ళి, కాలేజీ పేరుతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఫ్లెక్సీ సేటు తల్లి పేరును కప్పేసిందని మేనమామ మేనల్లుడు రోడ్డు మీద కొట్లాడుకున్నారు. ఫ్లెక్సీ కిందికి దించాక గొడవ ఆగింది. ఏడుగురూ తలా ఒక గ్లాసు పట్టుకుని ఫోటోలు దిగారు. రెండు రోజులకు వాన పడింది, రంజన్లు లోపలికి పోయాయి.

దరఖాస్తులు పంపే సమయానికి సర్ ఒక నమూనా తయారుచేశాడు. చాలా కష్టపడ్డాడు పాపం. అందులో 'నేను' అని మొదలుపెట్టి, ఒక ముసలామె నీళ్ళు వద్దన్న సంగతీ, దాన్ని 'నేను' గమనించిన సంగతీ, తరవాత అక్కడ ఆడవాళ్ళకు పాయిఖానా కట్టించమని మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చిన సంగతీ రాశాడు. అర్జీ కూడా నిజంగానే ఇప్పించాడు, అబద్ధం రాయడం ఆయనకు ఇష్టం లేదు. పిల్లలు తమ ఇంగ్లీషులో అటూ ఇటూ మార్చుకోవాలి. ఏడు జిరాక్సులు.

అమ్మాయి తన కాపీ చూసుకుని సర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను పక్క బీరువా దగ్గర ఉన్నాను.

"సర్, గిది నేను చూసింది గద."

"అవును. నువ్వు చూసినవ్, ఏడుగురికీ పనికొచ్చింది. ఎంత మంచి పని చేసినవ్!"

"అందరు 'నేనే చూసిన' అంటె ఎట్ల సర్?"

"అరే, అందరు ఆడ నిలబడలేదా? ఫోటోలున్నయి గద."

ఆమె జిరాక్సు మడిచి సంచిలో పెట్టుకుంది. ఏమంటుంది? నా మాట నాకే కావాలని ఏ పిల్ల అడగగలదు, అందరూ చూస్తుండగా?

ఇంటర్వ్యూలు జనవరిలో, కంప్యూటర్లో. పిల్లల ఇళ్ళలో నెట్టు నమ్మలేమని సర్ అందరికీ మా లైబ్రరీలోనే ఒకే రోజు ఏర్పాటు చేశాడు. మేడం చదివేవాళ్ళను పంపించేసి, కంప్యూటర్ వెనక గోడకు తన శాలువా కట్టి అందంగా చేసింది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీదికి మార్చడానికి నన్ను మూల కూర్చోబెట్టారు. సర్ తలుపు దగ్గర నిలబడ్డాడు, ఒక్కొక్కరికీ బొటనవేలు ఎత్తి చూపిస్తూ.

మొదట ఒక డాక్టరు గారి అమ్మాయి. పానపోయి పెట్టిన మా అమ్మాయికి క్లాసులో పక్క బెంచీ, మంచి స్నేహం. ఫోటో రోజు కాక ఇంకో రోజు కూడా పానపోయి దగ్గరికి వచ్చి, నిజంగానే కాసేపు నీళ్ళు పోసింది. చక్కటి ఇంగ్లీషు. ముసలామె సంగతి చెబుతుంటే తెర మీద ఉన్న ఇద్దరూ, ఒక కళ్ళజోడు ఆవిడ, ఒక కుర్రవాడు, రాసుకోవడం మానేసి వింటూ ఉండిపోయారు. తరవాత ఇద్దరు అబ్బాయిలు. వాళ్ళూ అదే చెప్పారు.

నాలుగోది మా అమ్మాయి. కూర్చుంది. చదువు గురించి అడిగారు, బాగానే చెప్పింది. ఘుగ్గుస్ గురించి అడిగారు, ఇంకా బాగా చెప్పింది. ఇంగ్లీషు తడబడితే హిందీ కలిపింది, వాళ్ళు ఏమీ అనుకోలేదు. తరవాత ఎండాకాలం సంగతి వచ్చింది. రంజన్లు, వట్టివేళ్ళు చెప్పి, "అక్కడ నేను ఒక విషయం చూశాను" అంది.

కళ్ళజోడు ఆవిడ మెల్లగా అందుకుంది. "ఆడవాళ్ళు నీళ్ళు తాగడం లేదని కదమ్మా?"

అమ్మాయి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"ఏమీ అనుకోకు. ఈ ఉదయం నుంచి మీ కాలేజీలో ఇది నాలుగోసారి వింటున్నాం." ఆవిడ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అలసట ఉంది. "అసలు మొదట ఎవరు గమనించారో చెప్పగలవా?"

అమ్మాయి తెర వైపు చూసింది, తరవాత తలుపు వైపు చూసింది. సర్ నవ్వుతూ బొటనవేలు ఎత్తాడు.

"గుర్తులేదు మేడం," అంది.

కుర్రవాడు అడిగాడు. "సరే. గమనించిన తరవాత నువ్వేం చేశావు?"

తాళంచెవి ఆ పిల్ల నాలుక చివరిదాకా వచ్చిందని నాకు తెలుసు. ఏడుగురిలో మరెవరికీ తెలియని ముక్క అదొక్కటే. నేను మూల నుంచి ఆమె వీపు మాత్రమే చూడగలుగుతున్నాను. భుజాలు ఒకసారి లేచి దిగాయి.

"మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చాం," అంది.

వాళ్ళు ధన్యవాదాలు చెప్పారు.

సైకిల్ స్టాండ్ దగ్గర పట్టుకున్నాను ఆమెను.

"నువ్వే అని చెప్పద్దా బిడ్డా?"

"పొద్దటి సంది ముగ్గురు 'నేనే' అన్నరు కాకా. నేనన్న గూడ అది నాలుగో 'నేనే' అయితది. వాళ్ళకు ఎట్ల తెలుస్తది?"

"తాళంచెవి సంగతి చెప్తె తెలుస్తుండె."

"సర్ ఆడనే నిలబడె గద. రాత్రికి సేట్‌జీ ఇంట్ల తెలుస్తది. నాకు సీటొచ్చి నేను పోత. ఆ అక్క యాడికి పోతది?"

బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

మర్నాడు సర్‌తో నేను మాట్లాడాను. అందరిచేత ఒకే మాట చెప్పించడం వల్ల చెప్పినదానికి విలువ లేకుండా పోయిందని అన్నాను. ఆయన నిజంగా నొచ్చుకున్నాడు.

"ఏంది కాకా, ఒక్క పిల్ల కోసం ఆరుగురి నోట్ల మన్ను కొట్టాల్నా? వాళ్ళు మన పిల్లలు కాదా?"

ఆయన బోర్డు మీద రాయించిన లెక్కలతోనే నా కొడుకు కూడా ఫిజిక్స్ పాసయ్యాడు. లెక్కను అందరూ ఒకేలా చేస్తే అందరికీ మార్కులొస్తాయి. బతుకులో చూసినదాన్ని అందరూ ఒకేలా చెబితే ఎవరికీ రావు. ఇది ఆయనకు అర్థమయ్యేలా చెప్పే తెలివి నేను చదివిన ఏ పుస్తకమూ నాకివ్వలేదు.

ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది. ఒక్కరికే సీటు. డాక్టరు గారి అమ్మాయికి. అన్యాయమని అనలేను. ఆ పిల్ల తెలివైనది, మొదట చెప్పింది, బాగా చెప్పింది. ఎవరు ముందు కూర్చోవాలో సర్ పేర్ల వరసన వేశాడు, అంతే. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఆ పిల్ల దూద్‌పేడాల డబ్బా పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. అప్పుడు మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు గారి అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"నిజానికి నువ్వే వెళ్ళాలి," అంది మెల్లగా, మరాఠీలో.

మా అమ్మాయి డబ్బాలోంచి పేడా తీసుకుంది. "అక్కడ చలి బాగా ఉంటుందట. స్వెటర్ కొనుక్కో," అంది. పేడా అంతా తిన్నది. నేనైతే తినలేకపోయాను, జేబులో వేసుకున్నాను.

సర్ వచ్చి ఆమె తల నిమిరాడు. "చూసినవా బిడ్డా, మన పానపోయి గెలిచింది!" అన్నాడు. అంత సంతోషం ఆయనకు. వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించవచ్చు, ఈ ఎండాకాలం ఇంకేదైనా కొత్తది ఆలోచించమని చెప్పి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మేడం నా దగ్గరికి వచ్చి, "అది ఆ అమ్మాయిదే కదా?" అని అడిగింది. అవునన్నాను. ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు పిల్లలు ఎంత గట్టిగా మాట్లాడినా స్కేలు చప్పుడు వినబడలేదు.

ఆ ఏడు పానపోయి కొత్త బ్యాచ్‌వాళ్ళు పెట్టారు. సర్ వారానికొకరిని చొప్పున వంతులు వేశాడు, అందరికీ అవకాశం దొరకాలని. వారం వారం ముఖం మారుతుంటే సేటు కోడలు తాళంచెవి ఎవరికిస్తుంది? మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళ్ళినప్పుడు చూశాను. ఆడవాళ్ళు మళ్ళీ కొంగు తడుపుకుని ముఖం తుడుచుకుంటున్నారు.

మీలో కొందరు ఈపాటికి ఇందులో నీతి వెతుకుతుంటారు. నేనూ వెతికాను. చేసిన మంచిపని చెప్పుకోవద్దందామా అంటే, చెప్పకపోతే ఆ సీటు ఎవరికైనా ఎలా వస్తుంది? గట్టిగా చెప్పుకోమందామా అంటే, ఆ రోజు ముగ్గురు గట్టిగానే చెప్పారు. నాకు తెలిసినంత వరకు చెబుతున్నాను. మీరు ఎండలో నిలబడి చూసిన దాన్ని ఎవరైనా ప్రేమగా అడిగితే, ఇచ్చేముందు ఒక్క పూట ఆగండి. అంతకు మించి చెప్పలేను.

మే నెలలో, నా రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు, మా అమ్మాయి లైబ్రరీకి వచ్చింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. టీసీ ఇంకా తీసుకోలేదు, లైబ్రరీ కార్డు ఇంకా చెల్లుతుంది. బీరువాల మధ్య చాలాసేపు తిరిగి ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టింది. చెయ్యి దాని మీదే ఉంచింది. గోళ్ళ సందుల్లో సిమెంటు ఎండి తెల్లగా ఉంది.

"ఈ ఎండాకాలం ఏం చేస్తున్నవు బిడ్డా?"

"ఏం చేస్తలేను కాకా."

"చేతికి సిమెంటేంది?"

చెయ్యి వెనక్కి తీసుకోబోయి, పుస్తకం పేరు కనబడుతుందని మళ్ళీ అక్కడే పెట్టింది. "ఊకెనే."

"ఆ యూనివర్సిటికి మళ్ళ అర్జీ పెట్టు. ఇంకో చాన్సు ఉన్నదంట. ఈసారి నువ్వొక్కదానివే..."

"పెట్ట కాకా."

"ఎందుకే?"

"పెడితె చెప్పాలె గద."

మంచిపని చేసి దొంగతనం చేసినట్టు దాచుకునే పిల్లను నేను అంతకు ముందు చూడలేదు. 'ఈడ జాగ ఉన్నదా?' అన్న ముసలామె నాకు గుర్తొచ్చింది. ఎక్కడ కడుతున్నావు, ఎవరు జాగా ఇచ్చారు, ఎవరి కోసం అని నాలుక చివరిదాకా వచ్చింది. నేనడిగితే చెప్పేదేమో. చెప్పాక అది నాకు తెలుస్తుంది, నా నోటినుంచి ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకరికి తెలుస్తుంది.

రిజిస్టరు ఆమె వైపు తిప్పాను. "నంబరు నువ్వే రాసుకో," అని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. పెన్ను చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు వినబడ్డాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. పేరు చూడకుండా నేను బయటికి పంపిన పుస్తకం అదొక్కటే.